ఆ ముళ్ళపొద వాక్కాయేనా? కణుపు చూసి తేల్చుకోవడం ఎలా

తొలకరి పడిందంటే చాలు, నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. "మా చేను గట్టు మీద ముళ్ళపొద ఉందండీ, కాయలు విరగకాసింది. వాక్కాయేనా? పప్పులో వేసుకోవచ్చా?" వెంట ఒక ఫొటో. అందులో అరచేతి నిండా కాయలు, వెనకాల మసగ్గా ఏవో ఆకులు. ఆ ఫొటో చూసి నేనేమీ చెప్పలేను, చెప్పకూడదు కూడా.

కాయ చూస్తే వాక్కాయ తెలిసిపోతుందని అందరూ అనుకుంటారు. బజార్లో గంప ముందు నిలబడితే తెలుస్తుంది, పొద ముందు నిలబడితే తెలియదు. పొద దగ్గర మొదట చూడాల్సింది కణుపు, అంటే కొమ్మకు ఆకు అతుక్కునే చోటు. ఆకుల అమరిక, ముల్లు, పాలు, ఈ మూడు ఆనవాళ్ళూ అక్కడే దొరుకుతాయి. పువ్వు, కాయ తర్వాతి సంగతి. అవి లేని రోజుల్లో కూడా పొదను గుర్తుపట్టవచ్చు.

ముందు పేర్ల గొడవ తేల్చేద్దాం. తోటల్లో, కంచెల్లో పెంచే పెద్దకాయ రకం వాక్కాయ, శాస్త్రీయనామం కరిస్సా కరండాస్. వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1767లో పెట్టిన పేరు. గుట్టల మీద, అడవి అంచుల్లో తనంతట తాను మొలిచే చిన్నకాయ రకం కలివి, కరిస్సా స్పైనారమ్. కొన్నిచోట్ల దాన్నే కలిమి అంటారు. చిక్కేమిటంటే కొన్ని ఊళ్ళలో వాక్కాయనే కలివికాయ అంటారు. కాబట్టి పేరు విని నిర్ణయానికి రావద్దు. కడప జిల్లా లంకమల అడవుల్లో 1986లో మళ్ళీ కనబడి పక్షిశాస్త్రవేత్తలను ఆశ్చర్యపరిచిన కలివికోడికి ఆ పేరు ఈ పొదల వల్లే వచ్చిందంటారు.

కావలసినవి

- మందపాటి చెప్పులు లేదా బూట్లు. హవాయి చెప్పులు వద్దు, వాక్కాయ ముల్లు అడుగు నుంచి దూరి పాదంలోకి దిగుతుంది.
- తోలు చేతి తొడుగులు. లేకపోతే పాత గోనెసంచి ముక్క.
- కత్తెర, కొత్త బ్లేడు.
- స్కేలు. ఊహకు అందిన కొలతలు నమ్మవద్దు.
- 10 రెట్లు పెద్దదిగా చూపించే చేతి భూతద్దం. లేకపోతే ఫోన్ కెమెరాను జూమ్ చేసినా సరిపోతుంది.
- పాత న్యూస్‌పేపర్లు, పెన్ను.
- కొద్దిగా కొబ్బరి నూనె. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

నాలుక ఈ జాబితాలో లేదు. రుచి చూసి గుర్తుపట్టే పద్ధతి ఈ కుటుంబంలో అస్సలు పనికిరాదు. వాక్కాయది గన్నేరు కుటుంబం, అపోసైనేసీ. ఎర్రగన్నేరు, పచ్చగన్నేరు దీని చుట్టాలే. పచ్చగన్నేరు గింజ గుండెను ఆపేయగల విషం. వాక్కాయలో కూడా మనం తినేది కాయ ఒక్కటే, ఆకు, కొమ్మ, వేరు కాదు.

1. పొదను కర్రతో తట్టి, చుట్టూ ఒకసారి తిరగండి

తట్టడం ఎందుకంటే లోపల కందిరీగల గూడు ఉండవచ్చు, కింద పాము ఉండవచ్చు. ఎత్తు సుమారుగా రాసుకోండి. వాక్కాయ సాధారణంగా మనిషెత్తు నుంచి రెండు మనుషుల ఎత్తు దాకా గుబురుగా పెరుగుతుంది. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. ఎత్తును బట్టి తేల్చేది పెద్దగా ఏమీ లేదు, ముందుకెళ్ళండి.

2. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా?

ఈ ఏడాది వచ్చిన లేత కొమ్మ ఒకటి ఎంచుకోండి. ఒకే కణుపు దగ్గర ఆకులు రెండు, ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. ఒక ఆకు ఇటు, దాని పైన మరో కణుపులో ఇంకో ఆకు అటు ఉంటే అది వాక్కాయ కాదు. రేగు, పరికి, నిమ్మ, వెలగ ఇక్కడే తప్పుకుంటాయి. రేగుకు ఇంకో గుర్తు కూడా ఉంది. ఆకు అడుగు నుంచే మూడు ఈనెలు బయల్దేరతాయి.

వాక్కాయ ఆకు 3 నుంచి 7 సెం.మీ. పొడవు. పైన నున్నగా మెరుస్తుంది, చేతికి తోలులా తగులుతుంది. అంచుకు రంపం పళ్ళుండవు. కొస గుండ్రంగా ఉంటుంది, కొన్ని ఆకులకు కొస మధ్యలో చిన్న నొక్కు పడుతుంది. తొడిమ చాలా పొట్టి, 5 మి.మీ. మించదు. ఒక్క ఆకు కొలిచి వదిలేయకండి. నీడలో ఉన్న ఆకు పెద్దది, ఎండలోది చిన్నది. పది ఆకులైనా కొలవండి.

3. ముల్లు ఎక్కడ నుంచి వచ్చింది, కొస చీలిందా?

ఇక్కడ తొందరపడవద్దు. వాక్కాయ ముళ్ళు కణుపు దగ్గర జంటగా వస్తాయి, ఇటొకటి అటొకటి. కొన్ని సూటిగా ఉంటాయి. కొన్ని మధ్యలో చీలి పంగలకర్రలా రెండు కొసలవుతాయి. పొడవు 5 సెం.మీ. దాకా ఉండవచ్చు. లేత ముల్లు పచ్చగా, కొస గోధుమ రంగులో ఉంటుంది. ముదిరితే చెక్కే.

ఇప్పుడు ముల్లును బొటనవేలితో పక్కకు నెట్టండి (తొడుగు వేసుకునే!). గులాబి ముల్లు అయితే టక్కున ఊడి, కొమ్మ మీద చిన్న మచ్చ మిగులుతుంది. అది తొక్క మీద పుట్టిన ముల్లు. వాక్కాయ ముల్లు అలా ఊడదు. అది కొమ్మే, ముల్లుగా మారింది. లోపలి చెక్క కాండం చెక్కతో కలిసే ఉంటుంది. బ్లేడుతో అడ్డంగా కోస్తే తొక్క, చెక్క విడివిడిగా కనిపిస్తాయి. రేగు ముల్లు మూడో రకం, ఆకు తొడిమ అడుగున ఉండే పత్రపుచ్ఛాలనే చిన్న రేకులు ముళ్ళుగా మారినవి. అందుకే అక్కడ ఒకటి సూటిగా, ఒకటి కొక్కెంలా ఉంటాయి.

హెచ్చరిక: పొదలో ప్రతి కణుపుకూ ముల్లుండదు. పూలు పూసే ముదురు కొమ్మలకు తక్కువ. కత్తిరించిన కంచెలో మొదలు దగ్గర నుంచి ఏపుగా లేచిన కొమ్మలకు ఎక్కువ. "ఈ కొమ్మకు ముళ్ళు లేవండీ, వాక్కాయ కాదేమో" అని నాకు రాసేవాళ్ళలో చాలామంది పూలకొమ్మ చూసినవాళ్ళే. మూడు నాలుగు కొమ్మలు చూశాకే ఏదైనా రాసుకోండి.

ఒకే కణుపు దగ్గర నాలుగు ముళ్ళుంటే అది తెల్ల ఉప్పి కావచ్చు. ముళ్ళు ఉండి పసుపుపచ్చ పూలు పూస్తుంటే ముళ్ళగోరింట.

4. పాలు వస్తున్నాయా?

లేత ఆకును తొడిమ దగ్గర గిల్లండి. తెల్లటి పాలు చుక్కగా ఉబకాలి. ఉదయం పూట, వాన పడ్డాక అయితే వెంటనే కనిపిస్తాయి. మే నెల మిట్టమధ్యాహ్నం ముదురు ఆకు గిల్లి పాలు రాలేదని రాసుకుంటే తప్పు మీదే. అలాంటప్పుడు కొమ్మ చివరి లేత భాగాన్ని కత్తిరించి, కోసిన కొసను నల్లటి గుడ్డకు అద్దండి. తెల్లటి మరక కనబడుతుంది. పచ్చికాయ దొరికితే ఇంకా తేలిక, గోరు తగిలితే చాలు.

పాలు కంట్లో పడనివ్వవద్దు. చేతికంటితే ముందు కడుక్కుని తర్వాతే ముఖం తుడుచుకోండి.

5. రెండు తొడిమల మధ్య కొమ్మను భూతద్దంతో చూడండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. బలుసు, మంగ అనే రెండు పొదలు రెండో పరీక్ష పాసవుతాయి, మూడోదీ దాదాపు పాసవుతాయి. రెండింటికీ ఎదురెదురు ఆకులు, ఎదురెదురు ముళ్ళు. చేను గట్ల మీద, గుట్టల మీద కలివి పక్కనే పెరుగుతాయి.

నేనే ఒకసారి బోల్తాపడ్డాను. మొక్కలు గుర్తుపట్టడం మొదలుపెట్టిన కొత్త. గుట్ట ఎక్కి, పొద చూసి, "కలివి" అని నోట్‌బుక్‌లో గట్టిగా రాసుకుని దిగి వస్తుంటే, మేకలు కాస్తున్న పెద్దాయన నా చేతిలో కొమ్మ చూసి నవ్వాడు. "బలుసు కదయ్యా అది. బతికుంటే బలుసాకు తినొచ్చంటారు, వినలేదా?" అన్నాడు. ఆకు తుంచి చూపించాడు. చుక్క పాలు లేవు.

పాలు చూస్తే బలుసూ, మంగా రెండూ విడిపోతాయి, వాటికి పాలుండవు. కానీ ఎండిన రోజుల్లో పాల పరీక్ష అనుమానంగా ఉంటే ఇది చేయండి. లేత కణుపు దగ్గర, ఎదురెదురుగా ఉన్న రెండు తొడిమల మధ్య, కాండం మీద చిన్న త్రికోణపు పొర ఉందేమో చూడండి. కొసదేలిన పొలుసులా ఉంటుంది. ఉంటే అది కాఫీ కుటుంబపు మొక్క, బలుసో మంగో మరోటో. వాక్కాయకు, కలివికి ఆ త్రికోణం ఉండదు. ముదిరిన కణుపుల్లో ఆ పొర రాలిపోవచ్చు కాబట్టి కొమ్మ చివరి రెండు మూడు కణుపులే చూడాలి.

మంగతో జాగ్రత్త. దాని కాయ చిన్న జామకాయలా గట్టిగా ఉంటుంది. వాంతులు చేయిస్తుంది. దాన్ని దంచి నీళ్ళలో కలిపి చేపలు పట్టే అలవాటు చాలా చోట్ల ఉండేది. వంటింట్లోకి రాకూడని కాయ.

6. పువ్వు దొరికితే బ్లేడుతో నిలువునా చీల్చండి

పూత మాఘ, ఫాల్గుణాల్లో ఎక్కువ. ఆ తర్వాత కూడా అక్కడక్కడా పూస్తుంటుంది. కొమ్మ చివర్లలో చిన్న గుత్తులు, తెల్లటి పూలు, కొన్నింటికి లేత గులాబి ఛాయ, మంచి వాసన. చాలామంది "అడవిమల్లె" అని పొరబడేది ఇక్కడే.

తేల్చడం చాలా సులువు. పూల గొట్టం సన్నగా, సుమారు 2 సెం.మీ. ఉంటుంది. గోరుకు, వేలికి మధ్య పట్టుకుని బ్లేడు కొసతో పైనుంచి కిందికి చీల్చి, పుస్తకంలా తెరవండి. లోపల గోడకు అతుక్కుని కేసరాలు కనిపిస్తాయి. లెక్కపెట్టండి. రెండే ఉంటే మల్లె. ఐదు ఉంటే వాక్కాయ దారిలో ఉన్నారు. ఈ కేసరాలు గొట్టం లోపలే దాగి ఉంటాయి, బయటికి తొంగిచూడవు. పైన రేకలు కూడా ఐదే.

విచ్చని మొగ్గను కూడా చూడండి. రేకలు ఒకదాని మీద ఒకటి మెలిపెట్టినట్టు చుట్టుకుని ఉంటాయి, గన్నేరు మొగ్గలో ఉన్నట్టే. భూతద్దంలో ఆ మెలిక స్పష్టంగా కనబడుతుంది. నాకు ఈ పొదలో అన్నిటికంటే ఇష్టమైన దృశ్యం అదే.

పువ్వు లేకపోతే ఈ మెట్టు దాటేయండి. 2 నుంచి 5 వరకు సరిపోయి ఉంటే నష్టం లేదు.

7. కాయను అడ్డంగా కోయండి

నిలువుగా కాదు, అడ్డంగా. లోపల రెండు గదులు కనబడాలి, వాటిలో పలచని చపటా గింజలు. వాక్కాయలో గింజలు ఎక్కువ, రెండు మొదలు ఏడెనిమిది దాకా ఉండవచ్చు. కలివిలో తక్కువ, ఒకటి నుంచి నాలుగు. మధ్యలో రాయి లాంటి ఒకే టెంక ఉంటే అది రేగో, పరికో.

రంగును నమ్మవద్దు. పచ్చివాక్కాయ ఒక చోట తెల్లగా గులాబి బుగ్గతో ఉంటుంది, మరో చోట ఆకుపచ్చగా ఉంటుంది. పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ రకాల కాయలను పక్కపక్కన పెడితే ఒక జాతివంటే నమ్మబుద్ధి కాదు. పండితే ఎరుపు తిరిగి ముదురు ఊదా, దాదాపు నలుపు అవుతుంది.

గింజల పరీక్షకు ఇంట్లో ఒక సరదా ప్రాక్టీసు ఉంది. బేకరీ కేకు మీద పెట్టే ఎర్రటి "చెర్రీ" ఒకటి కోసి చూడండి. మన దగ్గర వాటిలో చాలా భాగం చక్కెర పాకం పట్టి, రంగు వేసిన వాక్కాయలే. గింజలు తీసిన సందు, రెండు గదుల ఆనవాలు కనిపిస్తాయి.

8. ముగ్గురు అక్కచెల్లెళ్ళలో ఎవరు?

ఇంతవరకు అన్నీ సరిపోతే అది కరిస్సా జాతే. ఇక ఏ రకమో చూడాలి. ఇక్కడ స్కేలు తీయండి.

- కాయ 1.5 నుంచి 2.5 సెం.మీ., పువ్వు రూపాయి బిళ్ళంత, ఆకు కొస గుండ్రం: వాక్కాయ.
- కాయ శనగగింజకు కొంచెం పెద్దది, 1 సెం.మీ. లోపు, పండితే నలుపు. ఆకు, పువ్వు రెండూ చిన్నవి. ఎవరూ నాటకుండా గుట్ట మీద ఉంది: కలివి.
- పువ్వు 4, 5 సెం.మీ. వెడల్పు నక్షత్రంలా, ఆకు బాగా మందంగా, కొసన చిన్న మొన, పండు ఎర్రగా రేగుపండు కంటే పెద్దది: కరిస్సా మాక్రోకార్పా. దక్షిణాఫ్రికా తీరం నుంచి వచ్చిన అలంకరణ మొక్క. పండిన పండు తినవచ్చు, మిగతా భాగాలు కాదు.

మూడోదాని గురించి చెప్పాలి. కంచెకని నేనొక నర్సరీలో "వాక్కాయ" అని చీటీ ఉన్న మొక్కలు ఇరవై కొన్నాను. మూడో ఏడు పూలు వచ్చాయి. ఒక్కో పువ్వు నా అరచేతిలో సగం ఉంది. అప్పుడు గానీ అర్థం కాలేదు. కంచె బాగానే ఉంది, అందంగా కూడా ఉంది, పప్పులోకి మాత్రం ఆ పులుపు లేదు. కొనేటప్పుడు ఆకు కొస చూసుకుని ఉంటే సరిపోయేది. చిన్న మొక్కలకు ముళ్ళు సరిగ్గా రాకపోయినా ఆకు కొస, పాలు మోసం చేయవు.

వాక్కాయకు, కలివికి మధ్య గీత మరీ స్పష్టంగా ఉండదు. కలివి ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా వ్యాపించిన మొక్క, ఒక్కో చోట ఒక్కో రూపం. వృక్షశాస్త్రజ్ఞులే దానికి చాలా పేర్లు పెట్టి, తర్వాత వాటిని ఒకే పేరు కిందికి తెచ్చారు. మీ పొద కొలతలు మధ్యలో ఎక్కడో పడితే టెన్షన్ పడకండి. "కరిస్సా, రకం తేలలేదు" అని రాసుకోవడం తప్పు కాదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఫోన్ యాప్ చెప్పిన మొదటి పేరు నమ్మేయడం. ఒకే పొదకు మూడు ఫొటోలు పెట్టి చూడండి, మూడు పేర్లు రావచ్చు. యాప్‌కు పువ్వు ఫొటో ఒక్కటే ఇస్తే మల్లె అనడం నేను చూశాను.

పాలుంటే విషం, పాలు లేకపోతే మంచిది అనుకోవడం. పాలున్న వాక్కాయ తింటాం, పాలు లేని మంగ తినం. పాలు కుటుంబాన్ని చెబుతాయి, తినొచ్చో లేదో చెప్పవు.

కింద రాలిన కాయను పై పొదదే అనుకోవడం. పిట్టలు ఎక్కడివో తెచ్చి వేస్తాయి. కాయ కొమ్మకు ఉండగానే కోయండి.

అల్లుకున్న రెండు పొదలను ఒకటిగా చూడటం. ఇది గట్ల మీద మరీ ఎక్కువ. ఆకు ఒకదానిది, ముల్లు మరోదానిది అవుతుంది. చూసే కొమ్మను మొదలు దాకా వేలితో వెతుక్కుంటూ వెళ్ళండి.

సరిచూసుకోవడం

మరుసటి వారం అదే పొదలో వేరే కొమ్మ తీసుకుని, పాత నోట్సు చూడకుండా 2 నుంచి 5 మెట్లు మళ్ళీ చేయండి. రెండు సార్లూ ఒకే జవాబు వస్తే నమ్మవచ్చు. పాల దగ్గర గానీ త్రికోణపు పొర దగ్గర గానీ తేడా వస్తే, ఆ కాయ వంటింట్లోకి వెళ్ళకూడదు.

ఇంకొకరిని అడగాలనుకుంటే నాలుగు ఫొటోలు తీయండి: పొద మొత్తం, పక్కన స్కేలు పెట్టి జంట ముళ్ళతో ఒక కణుపు, గిల్లిన తొడిమ మీద పాలచుక్క, అడ్డంగా కోసిన కాయ. పువ్వుంటే ఐదోది. అరచేతిలో కాయల ఫొటో మాత్రం వద్దు.

ఫొటో కంటే మంచిది ఎండబెట్టిన కొమ్మ. జానెడు కొమ్మను, ముళ్ళతో సహా, న్యూస్‌పేపర్ మడతలో పెట్టి పైన బరువు వేయండి. ముళ్ళు కాగితాన్ని చింపకుండా పైనా కిందా అట్టముక్క పెట్టండి. మొదటి నాలుగు రోజులు రోజూ కాగితం మార్చండి, లేకపోతే బూజు పడుతుంది. కోసిన తేదీ, ఊరు, పొద ఎత్తు, పువ్వు రంగు, కాయ రంగు అదే రోజు చీటీ మీద రాయండి. ఎండాక తెల్లపువ్వు గోధుమరంగు అయిపోతుంది, తర్వాత గుర్తుండదు. ఆ కొమ్మను దగ్గర్లోని డిగ్రీ కాలేజీ బోటనీ లెక్చరర్‌కు చూపించవచ్చు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఇంటికి వచ్చాక కత్తెర, బ్లేడు, వేళ్ళు జిగురు పట్టి ఉంటాయి. నీళ్ళతో రుద్దితే ఆ జిగురు పోదు. ముందు కొబ్బరి నూనె రాసి, పొడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బు. కాయ వాక్కాయే అని తేలితే, వంటకు కోసేటప్పుడు కూడా కత్తికి అదే నూనె రాయండి, గింజలు తీసిన ముక్కలను ఉప్పునీళ్ళలో వేయండి.